సభ్యురాలు, ఆవిడ అతిథి

శనివారం పొద్దున్న కూడా ఆయన భార్యతో మాట్లాడలేదు. ఉప్పు కావలసి వస్తే తల్లి వైపు తిరిగి, "అమ్మా, ఆ ఉప్పు ఇటు ఇప్పించు" అన్నాడు. ఉప్పు డబ్బా ఇల్లాలి మోచేతి పక్కనే ఉంది. ఆమె దాన్ని అత్తగారికి అందించింది. అత్తగారు కొడుక్కి అందించింది. మొగుడికీ పెళ్ళానికీ మధ్య రెండడుగుల దూరం లేదు, ఉప్పు మాత్రం బల్లంతా చుట్టి వచ్చింది.

ఇది నాలుగో రోజు. మొదటి రోజు అత్తగారికి ఈ రాయబారం సరదాగానే ఉంది. కొడుకు ఒక మాటంటే దానికి ఇంకో మాట చేర్చి కోడలికి చెప్పింది, కోడలు అన్నదాంట్లో ఒక మాట మింగేసి కొడుక్కి చెప్పింది. నాలుగో రోజుకి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి.

"ఇహ నా వల్ల కాదర్రా. ఇద్దరికీ నోళ్ళున్నాయి, వాడుకోండి" అని కాఫీ గ్లాసు పుచ్చుకుని టీవీ ముందుకి వెళ్ళిపోయింది.

గొడవకి కారణం ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద వేలాడుతోంది. గోల్ఫ్ క్లబ్ నుంచి వచ్చిన ఉత్తరం అది. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. శ్రీమతిగారు ఆట పరీక్షలో నెగ్గారు కాబట్టి ఆవిడకి సభ్యత్వం ఇస్తున్నారట. శ్రీవారు నెగ్గలేదు కాబట్టి ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షకి రావచ్చట. అంతవరకూ సభ్యురాలు వెంట ఉంటే, ఆమె అతిథిగా, అతిథి రుసుము కట్టి ఆడుకోవచ్చట. శనివారం సాయంత్రం అయిదులోగా డబ్బు కట్టకపోతే సీటు జాబితాలో తరవాతి కుటుంబానికి పోతుందట.

ఆ శనివారం ఇదే.

కూతురు పళ్ళెం ముందు కూర్చుని ఉత్తరం వైపు చూస్తోంది. చదివేది లెక్కల చదువే అయినా నాలుగేళ్ళ వయసులోనే ప్రతిదానికీ వాదన వేసుకునేది కాబట్టి ఇంట్లో దాన్ని లాయరు అంటారు. ఆ పిల్ల నోరు ఊరుకోదు. ఒక్క పేజీలో అతిథి అన్న మాట అయిదుసార్లు రాశారని, నాన్నకి అర్థం కాదేమోనని వాళ్ళకి అనుమానం కాబోలని అంది.

ఆయన పళ్ళెం పక్కకి జరిపి లేచాడు. మూలనున్న గోల్ఫ్ సంచీ భుజాన వేసుకున్నాడు. ఎప్పుడూ ఆడుకునే గ్రౌండ్‌కి వెళ్తున్నాడనుకున్నారు అందరూ. వెళ్తున్నానని ఆయన చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఏదో అంటాడనుకుని ఇల్లాలు గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన చెప్పు సరిచేసుకుని మెట్లు దిగిపోయాడు.

*

నాలుగు రోజుల క్రితం, ఉత్తరం వచ్చిన సాయంత్రం మాత్రం మాటలు బాగానే సాగాయి. గోడ అవతలి వాళ్ళు టీవీ కట్టేసి మరీ విన్నారు.

"నా పెళ్ళాం సభ్యురాలట. నేను అతిథినట. తొమ్మిదేళ్ళు ఆడింది ఎవరు?" అన్నాడాయన.

"నేనడిగానా? ఆదివారం పూట నా మానాన నేను పడుకుంటే లేపి లాక్కెళ్ళింది మీరు కాదూ?"

అది నిజమే. ఆయన పంపుల కంపెనీలో సర్వీస్ ఇన్‌స్పెక్టరు. ఎవరింట్లో నీళ్ళు ఎక్కకపోయినా, ఏ అపార్టుమెంటు మోటారు మూలిగినా ఆయన వెళ్ళి చెవి ఆనించి వినాలి. తొమ్మిదేళ్ళ క్రితం నగరపాలక సంస్థ వాళ్ళ గోల్ఫ్ గ్రౌండ్‌లో మోటారు చెడిపోతే బాగుచెయ్యడానికి వెళ్ళి, చేతులు కడుక్కుని ఊరికే ఒక బంతి కొట్టి చూశాడు. ఆ బంతి ఎంత దూరం వెళ్ళిందో ఇంటిల్లిపాదికీ కొన్ని వందలసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా అది ఇంకాస్త దూరం వెళ్ళేది.

ఆ గ్రౌండ్‌లో ఒక పూట ఆటకి సినిమా టిక్కెట్టు ఖరీదయితే చాలు. అక్కడ బంతులు కొట్టేది బస్సు కండక్టర్లు, మందుల షాపు వాళ్ళు, రిటైరైన టీచర్లు. అలాంటి గ్రౌండ్‌ని ఈ నెలాఖరుకి మూసేస్తున్నారు. గోడౌన్లు కడతారట. ఇక ఊళ్ళో మిగిలేవి రెండు క్లబ్బులు. మొదటిదాని గేటు ముందు నిలబడటానికే వీళ్ళ జీతాలు సరిపోవు. రెండోది మాత్రం జీతాల మీద బతికే కుటుంబాలకని పది సీట్లు విడిగా పెట్టింది. భార్యాభర్తలు జంటగా దరఖాస్తు చేస్తే ఒక్కరి సభ్యత్వం ఖరీదుకి ఇద్దరూ ఆడుకోవచ్చు. ఇద్దరికీ పరీక్ష ఉంటుంది. నెగ్గినవాళ్ళకే సభ్యత్వం.

ఆ ఒక్కరి ఖరీదయినా తక్కువేం కాదు. ఇల్లాలు పనిచేసేది కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో. మైనపు అచ్చులో పన్ను పక్కన పన్ను పేర్చి, రంగు కలిపి, నోట్లో పెట్టుకుంటే కట్టుడువని ఎవరికీ తెలియకుండా చెయ్యడం ఆమె పని. పింగాణీ పళ్ళు కాల్చే చిన్న ఫర్నేస్ ఒకటి కొనుక్కుని ఇంట్లోనే సొంతంగా పని మొదలుపెట్టాలని ఆమె ఆశ. దానికోసం వెనక గది టేపుతో కొలిచింది, ప్లగ్ పాయింటు పెట్టించింది, డబ్బు కూడబెట్టింది. సభ్యత్వం ఖరీదు సరిగ్గా ఆ ఫర్నేస్ ఖరీదంత. ఒక్క ఏడాది ఆగు, ఫర్నేస్ ఎక్కడికీ పోదు అని ఆయన బతిమాలాడు. ఆమె ఆగింది. ప్లగ్ పాయింటులో ప్రస్తుతం అత్తగారి ఫోను చార్జవుతోంది.

అంత చేసినదాన్ని పట్టుకుని ఆయన ఆ సాయంత్రం నిలదీశాడు.

"సరే, నీకు కావాలా ఆ సీటు? కావాలంటే కావాలని చెప్పు."

మొహం చూస్తే జ్వరం వచ్చినవాడిలా ఉన్నాడు. ఆమెకి జాలేసింది. జాలితో పాటు కోపం కూడా వచ్చింది. ఆ రెండూ కలిసి నోటికి వచ్చిన మాట అనిపించాయి.

"నాకేం అక్కర్లేదు. మీ గోల్ఫూ వద్దు, మీ క్లబ్బూ వద్దు."

ఆయన తలూపాడు. అప్పటినుంచి ఉప్పుకి కూడా అమ్మనే అడుగుతున్నాడు.

*

శనివారం ల్యాబ్ ఒంటిపూట. ఇల్లాలు మైనం వేడిచేసి కింది వరస పళ్ళు పేరుస్తోంది. నాలుగో పన్ను మూడుసార్లు పెట్టి మూడుసార్లు తీసింది. చెయ్యి ఇక్కడుంది, మనసు లేదు.

పరీక్ష రోజు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. క్లబ్ ముందు కారు పార్కింగ్‌లో అందరూ సంచీలు దించుకుంటున్నారు. ఒక్కొక్క సంచీ మెరిసిపోతోంది. ఆయన తన సంచీ వంక చూసుకున్నాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న సగం సెట్టు కర్రలు, మూడుచోట్ల అతుకు వేసిన పట్టీ. ఆ అతుకులు ఇల్లాలు వేసినవే.

ఈ డొక్కు సంచీతో వీళ్ళ ముందు ఎలా ఆడతానన్నాడు. తొమ్మిదేళ్ళు ఆడింది దీంతోనే కదా అని ఆమె అంది. వినిపించుకుంటేగా. కౌంటరు దగ్గరికి వెళ్ళి కొత్త సెట్టు అద్దెకి తీసుకున్నాడు. ఆ అద్దెతో ఇంటికి నెల కూరగాయలు వస్తాయి. పాత సంచీ ఆమె భుజాన పెట్టి, నువ్వు దీంతో ఆడు, నిన్నెవరు చూస్తారు అన్నాడు.

కొత్త కర్రలు తేలిక. ఆయన చేతులకి తొమ్మిదేళ్ళుగా బరువు అలవాటు. మొదటి దెబ్బకే చెయ్యి ముందు తిరిగిపోయింది, బంతి చెరువులో పడింది. రెండో బంతి కూడా దాని వెనకే వెళ్ళింది. తొమ్మిది గుంటల్లోనూ బంతి వెయ్యడానికి అరవై దెబ్బలు మించకూడదు. ఆయనకి అరవై ఎనిమిది పట్టాయి. ఆమెకి యాభై ఏడు.

ఆమె ఆటలో గొప్పేమీ లేదు, ఆమె కూడా ఆ మాటే అంటుంది. రెండేళ్ళ క్రితం నేర్పించేటప్పుడు ఆయన ఆమెకి సంచీలోంచి మూడు కర్రలే ఇచ్చాడు, మిగతావి తనకి కావాలని. బంతి పోగొట్టావంటే ఇంకోటి కొనాలి, కనబడేంత దూరమే కొట్టు, నడిచి వెళ్ళి తెచ్చుకోగలిగినచోటికే కొట్టు అని వెంటపడి మరీ చెప్పాడు. ఆమె రెండేళ్ళూ అలాగే కొట్టింది, పరీక్షలోనూ అలాగే కొట్టింది. అవతలివాళ్ళు ఆకాశంలోకి కొట్టి గడ్డిలో వెతుక్కుంటుంటే ఆమె బంతి దారి మధ్యలోనే కూర్చుని ఉండేది. ఆయన పొదుపు ఆయనకి అక్కరకి రాలేదు, ఆమెకి వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ ఆటలో భార్య లెక్క భర్త రాస్తాడు, భర్త లెక్క భార్య రాస్తుంది, చివర ఇద్దరూ సంతకాలు పెట్టి ఇస్తారు. నాలుగో గుంట దగ్గర బంతి పక్కనున్న ఎండుటాకు తీస్తుంటే ఆమె వేలు తగిలి బంతి కదిలింది. బియ్యపు గింజంత కదిలింది. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ చూడకపోయినా తన తప్పు తనే చెప్పుకోవాలి, ఈ ఆటలో ఉన్నదల్లా అదే అని ఆయన అన్నం తింటూ కూడా చెప్పే మనిషి. ఆమె వెళ్ళి చెప్పింది. ఆయన ఒక్క మాట అనకుండా ఆమె లెక్క రాసే కార్డులో ఒక దెబ్బ ఎక్కువ రాశాడు. తన అరవై ఎనిమిదీ ఆయన నోటితోనే చెప్పాడు, ఒక్కటి కూడా దాచలేదు. పరీక్ష రోజున ఆయన మీద ఎంత కోపం ఉన్నా, ఆ విషయంలో మాత్రం ఆమెకి గర్వంగానే అనిపించింది.

కానీ ఆమె ఎవరికీ చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆ రెండున్నర గంటలూ ఆమెని ఎవరూ పిలవలేదు. అమ్మా నా చున్నీ ఏది అని కూతురు అడగలేదు, అమ్మాయ్ నా కళ్ళజోడు అని అత్తగారు అడగలేదు, ఈ పళ్ళ సెట్టు సాయంత్రానికి కావాలి అని ల్యాబ్ యజమాని అడగలేదు. గడ్డి, బంతి, ఆమె. ఆరో గుంట దగ్గర కర్ర బంతికి తగిలిన చప్పుడు ఆమెకి ఇంకా చెవిలో ఉంది. తన కోసం తను ఏదైనా కోరుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకి గుర్తులేదు. ఇప్పుడు కోరుకుంటోంది. కావాలి. ఫర్నేస్ కంటే ఎక్కువ కావాలి. అంత డబ్బుతో గడ్డి మీద నడవడానికి వెళ్తానంటే నలుగురూ నవ్వుతారని తెలుసు, అయినా కావాలి.

నాలుగో పన్ను నాలుగోసారి సరిగ్గా కూర్చుంది. ఆమె దీపం ఆర్పి, చేతులు కడుక్కుని, చెక్కు పుస్తకం చేతిసంచీలో ఉందో లేదో చూసుకుంది. పొద్దున్నే పెట్టుకుంది. ఎందుకు పెట్టుకున్నావని తనని తను అడగలేదు.

*

క్లబ్‌లో సభ్యుల కాలి జోడుకి కూడా చట్టం ఉంది. అడుగున రబ్బరు ముళ్ళున్న బూట్లు కావాలి. మెడపట్టీ లేని చొక్కా పనికిరాదు. గోల్ఫ్‌కి ఖర్చేముంది, ఒక కర్ర, ఒక బంతి అని మొగుడు చెప్పిన రోజులు గుర్తొచ్చి ఆమెకి నవ్వు, విసుగు ఒకేసారి వచ్చాయి.

మూడు దాటాక చెప్పుల షాపులోకి వెళ్ళింది. షాపాయన మొగుడికి గ్రౌండ్‌లో జోడీ. ఆమెని చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన మొగుణ్ణి బావా అంటాడు. పాత జోళ్ళు తీసుకుని కొత్తవి ఇచ్చే బేరంలో అతని దగ్గర అప్పుడప్పుడు వాడిన గోల్ఫ్ బూట్లు దొరుకుతాయి. అలాంటిదేదైనా తన కాలికి సరిపోయేది ఉందా అని ఆమె అడిగింది.

షాపాయన పెట్టె దించబోయి ఆగిపోయాడు.

"ఎవరికి చెల్లెమ్మా?"

"నాకే అన్నయ్యగారూ."

అతను పెట్టె మళ్ళీ అరలో పెట్టేశాడు. స్టూలు మీంచి దిగి ఎదురుగా కూర్చున్నాడు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక కొలత పట్టీ వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

చివరికి చెప్పాడు. పొద్దున్న బావ వచ్చాడట. సీటు వద్దని కాగితం రాసి క్లబ్‌లో ఇచ్చేసి వస్తున్నానన్నాడట. తొందరపడకు, గ్రౌండ్‌లో ఆడేవాళ్ళలో ఒక్కరైనా ఆ గేటు లోపలికి వెళ్తారనుకున్నాం, మీ ఆవిడ వెళ్తే మేమందరం వెళ్ళినట్టేనని తను గట్టిగానే చెప్పాడట. బావ వినలేదట.

"ఇద్దరం అనుకునే రాశాం, ఇద్దరం సంతకాలు పెట్టాం అన్నాడమ్మా. మా ఆవిడకి మొదట్నుంచీ ఇష్టం లేదు, ఆవిడే అంది అన్నాడు."

ఒక కాలికి వేసుకున్న పాత చెప్పు, ఇంకో కాలి పక్కన విప్పేసిన చెప్పు, ఇల్లాలు అలాగే కూర్చుంది.

"నువ్వు పెట్టలేదా సంతకం?" అన్నాడు షాపాయన మెల్లగా.

ఆమె రెండో చెప్పు తొడుక్కుంది. ఆ బూట్లు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి లేచింది. బస్సులో అరగంట నిలబడే వెళ్ళింది. కోపానికి ఒళ్ళు వణుకుతుంటే పక్కనున్న ముసలాయన జ్వరమేమో అనుకుని సీటు ఇవ్వబోయాడు.

*

క్లబ్ వరండాలో అద్దాల బీరువా నిండా వెండి కప్పులు. దాని పక్కన వాడిన సామాను అమ్మకానికి పెట్టే మూల. అక్కడ గోడకి ఆనించి ఒక సంచీ ఉంది. మూడుచోట్ల అతుకులు.

ఆమె దగ్గరికి వెళ్ళి పట్టీ పట్టుకుని చూసింది. కుట్టు తనదే. చివరి అతుకు దగ్గర దారం చాలక రంగు మార్చింది, అది కూడా ఉంది. పిడికి చిన్న చీటీ కట్టారు. దాని మీద వేసిన ధర, పరీక్ష రోజు ఆయన కొత్త సెట్టుకి కట్టిన అద్దె కంటే తక్కువ.

తొమ్మిదేళ్ళ సంచీ. అతిథిగా రావచ్చని క్లబ్ వాళ్ళు రాసినందుకు ఇంత పని చేశాడు. ఏడాది ఆగితే మళ్ళీ పరీక్ష ఉంది, ఆ మాట ఉత్తరంలో అక్షరాలా రాసి ఉంది. భార్యని మాత్రం ఏడాది ఆగమనగలిగాడు. ఆమెకి ఏడుపు రాలేదు. పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది ఆ మనిషిని.

కార్యదర్శి గదిలో గడియారం నాలుగూ పదిహేను చూపిస్తోంది. కార్యదర్శి పెద్దవయసు మనిషి, చొక్కా పైబొత్తాం కూడా పెట్టుకునే రకం. పరీక్ష రోజున చివర ఇద్దరి కార్డులూ తీసుకున్నది ఆయనే. ఆమె డబ్బు కట్టడానికి వచ్చానని చెక్కు పుస్తకం బల్ల మీద పెట్టింది.

ఆయన చెక్కు పుస్తకం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. సొరుగులోంచి రెండు కాగితాలు తీసి ఆమె ముందు పక్కపక్కనే పెట్టాడు.

ఒకటి పరీక్ష రోజు కార్డు. దాని కింద ఆమె సంతకం, ల్యాబ్‌లో పెట్టెల మీద గీకినట్టు మొదటి అక్షరం, ఒక గీత. రెండోది సీటు వద్దంటూ రాసిన ఉత్తరం. దాని కింద మొగుడి సంతకం, దాని పక్కన ఆమె పేరు, పొందిగ్గా, పూర్తిగా, ఒక్క అక్షరం కూడా పోకుండా. బడి పిల్లవాడు కాపీ రాసినట్టుంది. పాపం, దొంగతనం కూడా శుభ్రంగా చేశాడు.

"పొద్దున్న మీవారు ఇచ్చి వెళ్ళారు. నాకెందుకో అనుమానం వచ్చి రిజిస్టర్లో ఎక్కించలేదు. మీదే అని మీరంటే చాలు, ఇంకేమీ అడగను. కాగితం ఫైల్లో పెడతాను, సీటు తరవాతి వాళ్ళకి పోతుంది, మీ ఇంటి సంగతి మీ ఇంట్లోనే ఉంటుంది."

ఆ మాట కార్యదర్శి దయతోనే అన్నాడు. అవును నాదే అంటే చాలు. మొగుడి పరువు దక్కుతుంది. సోమవారం ఫర్నేస్ కొనుక్కోవచ్చు. వెనక గదిలో కూర్చుని బతికినంత కాలం పళ్ళు కాల్చుకోవచ్చు.

ఆమె కార్డు మీద వేలు పెట్టింది.

"ఇది నాది. అది కాదు."

కార్యదర్శి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అయితే చిక్కేనన్నాడు. దరఖాస్తులో దొంగ సంతకం తేలితే మొత్తం దరఖాస్తే కొట్టేస్తారు, ఆ ఇంటివాళ్ళెవరూ మళ్ళీ ఈ గేటు తొక్కడానికి లేదు. ఆమె చెయ్యలేదు కదా అంటే, ఇద్దరి పేరు మీదా ఒకటే దరఖాస్తు అన్నాడు.

"ఇంకే దారీ లేదా?"

"ఒక్కటి ఉంది. ఆటలో ఉన్న పద్ధతే. కార్డు నా చేతికి ఇచ్చేలోపల తప్పు చెప్పుకుంటే ఆ దెబ్బలు కలుపుకుని వదిలేస్తాం. ఇచ్చేశాక బయటపడితే మనిషినే తీసేస్తాం. ఈ కాగితం ఇంకా రిజిస్టర్లోకి ఎక్కలేదు కాబట్టి, అయిదులోపల ఆ సంతకం పెట్టినవాళ్ళే వచ్చి, నేనే పెట్టాను అని నా ఎదుట చెప్పి వెనక్కి తీసుకుంటే, నేను చూడనట్టే. మీరు చెబితే కుదరదు. వాళ్ళే రావాలి."

నాలుగూ ఇరవై అయిదు.

ఆమె ఫోను తీసింది. నాలుగు రోజుల్లో ఆ నంబరు నొక్కడం ఇదే మొదటిసారి. ఆయన ఎత్తడేమో అనుకుంది. ఆరో మోతకి ఎత్తాడు.

"చెప్పు" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. వెనక ఎక్కడో బంతి కొట్టిన చప్పుడు వినబడింది. అంటే గ్రౌండ్‌లోనే ఉన్నాడు, కర్రల్లేకుండా, ఎవరో ఆడుతుంటే చూస్తూ. అక్కడినుంచి క్లబ్బుకి బస్సులో అరగంట, ఆటో ఎక్కితే పావుగంట.

"క్లబ్‌లో ఉన్నాను. నా పేరు మీరు రాశారే, ఆ కాగితం ముందు కూర్చున్నాను."

"నువ్వే వద్దన్నావుగా" అన్నాడాయన.

ఆమె కళ్ళ ముందు ఆ సాయంత్రం, ఆ మొహం కనబడ్డాయి. ఇందులో తన పాలు కూడా ఉందని ఒప్పుకోక తప్పలేదు.

"అన్నాను. అబద్ధం చెప్పాను. నాకు కావాలి. మీ మీద జాలిపడి వద్దన్నాను, అది నా తప్పు. దానికి నా పేరు పెట్టి మీరు సంతకం చేశారు, అది మీ తప్పు."

కార్యదర్శి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వినకూడదనుకున్నా వినబడే గది అది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడాయన.

"అయిదింటికి మూసేస్తారు. ఈలోగా మీరు వచ్చి, నేనే పెట్టానని చెప్పాలి. నేను చెబితే చెల్లదట. మీరే చెప్పాలట."

"ఆయన ముందా?"

"ఆయన ముందే. నాలుగో గుంట దగ్గర బంతి కదిలితే ఎవరు చూశారు? నేనొచ్చి చెప్పాను, మీరు రాసుకున్నారు. నాకు ఆ మాట నేర్పింది మీరు. నేను అతిథిగా రమ్మని పిలవట్లేదు. చెప్పి, మీ సంచీ మీరు తీసుకుని వెళ్ళండి. అమ్మకానికి పెట్టినచోటే ఉంది, ఇంకా ఎవరూ కొనలేదు."

వెనక ఇంకో బంతి చప్పుడైంది. ఎవరో బాగా కొట్టావని అన్నారు. ఆ మాట ఆయనతో కాదు.

ఆమె ఫోను చెవి దగ్గర పెట్టుకునే చెక్కు పుస్తకం తెరిచింది. తేదీ వేసింది. క్లబ్ పేరు రాసింది. అంకె దగ్గరికి వచ్చి ఆగింది. గోడ మీద ముల్లు నాలుగున్నర దాటింది. అటువైపు నుంచి ఇంకా మాట లేదు. ఫోను మాత్రం ఆయన పెట్టెయ్యలేదు.